పక్క సీటు కాలు

షెడ్డు తెరిచిన రోజు మెకానిక్ చేతిలో ఉన్నది అరవై వేలు. అందులో పంతొమ్మిది వేలు కొలత పరికరాలకే పెట్టేశాడు. జాకీ మాత్రం పాతదే కొన్నాడు. ఇరవై మూడేళ్ల వాడికి అంకెల మీద అంత గురి. ఏ బండి వచ్చినా ముందు కొలవడం, తర్వాతే నోరు విప్పడం.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికల్లా ఓ తెల్లకారు మళ్లీ వచ్చింది. నడిపేది భార్య, పక్కన కూర్చునేది భర్త. ఐదు నెలల్లో ఇది మూడోసారి.

"తమ్ముడూ, మళ్లీ కీచుమంటోంది," అంది ఆమె దిగుతూనే. "పదకొండుకల్లా నేను ల్యాబ్‌లో ఉండాలి. ఊరంతా తిరిగి రక్తం శాంపిళ్లు తెచ్చే పని. బండి చూపిస్తే ఇవాళే పేరు రాసుకుంటారు. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"బ్రేకులు నమిలే మనిషికి రక్తం సీసాలు ఎవరిస్తారు?" అన్నాడు భర్త. బీమా ఆఫీసులో ప్రమాదాల ఫైళ్లు చూసే గుమస్తా అతను. "నువ్వే తేల్చవయ్యా. తప్పు బండిదైతే వెళ్తుంది. ఈవిడ కాలిదైతే ఇక ఆ ఊసెత్తదు. నిన్ననే ఒప్పుకుంది."

"ఒప్పుకోక? నా కాలు సంగతి నాకు తెలుసుగా."

మెకానిక్ ముందు చక్రాలు రెండూ విప్పాడు. బ్రేకు ప్యాడ్లు కొత్తగా వేసినప్పుడు మందం పదకొండు మిల్లీమీటర్లు. ఇప్పుడు కుడివైపువి తొమ్మిది. ఎడమవైపువి రెండున్నర.

"కుడివైపు రెండు అరిగే లోపల ఎడమవైపు ఎనిమిదిన్నర అరిగింది. నాలుగింతల పైమాటే," అన్నాడు. "అక్క కాలైతే రెండు పక్కలా సమంగా అరగాలి కదా బావగారూ, ఉన్నది ఒక్క పెడలే."

"అయితే బండిదే అను."

అనాలనే ఉంది. కానీ ప్యాడ్లను పట్టుకునే పిన్నులు వేలితో నెడితే జారుతున్నాయి. పిస్టన్ వెనక్కి వెళ్తోంది. గొట్టం ఉబ్బలేదు. చక్రం చేత్తో తిప్పితే తిరుగుతూనే ఉంది. లోపం ఎక్కడా కనబడలేదు, పోయినసారీ ఇంతే. చేతులు తుడిచిన గుడ్డతోనే మొహం తుడుచుకుని నుదురంతా నల్లగా చేసుకున్నాడు. ఆమె గేటుదాకా నడిచి, ఫోన్లో టైం చూసుకుని, మళ్లీ వచ్చింది. ఎనిమిదోసారి. అదీ లెక్కపెడుతూనే ఉన్నాడు.

కొత్త ప్యాడ్లు వేసి, తాను వెనక సీట్లో ఎక్కి, ఒక చుట్టు తిప్పమన్నాడు.

రెండు సందులు దాటారో లేదో ముందు లారీకి ఎర్రదీపం వెలిగింది. చాలా దూరంలో ఉంది. అయినా కారు ఎడమకి గుంజుకుంటూ నెమ్మదించింది.

"ఎందుకు తొక్కావక్కా?"

"నేనెక్కడ తొక్కాను?"

మెకానిక్ సీట్ల మధ్య నుంచి తల దూర్చాడు. భర్త కుడికాలు ముందున్న రబ్బరు చాపని నొక్కుతోంది. మడమ లేచి, వేళ్లు వంగి ఉన్నాయి. లారీ కదిలింది, కాలు వదిలింది, కారు తేలికపడింది. ఒక సైకిలు అడ్డొచ్చింది. కాలు నొక్కింది. ఎడమ చక్రం పట్టేసింది.

షెడ్డుకి వచ్చి చక్రాల వేడి కొలిచాడు. ఎడమది నూట అరవై డిగ్రీలు, కుడిది తొంభై.

"పక్క సీటు కాలు," అన్నాడు. "మీదే బావగారూ."

"ఓ, అదా!" అంది ఆమె. "మా అమ్మకీ ఉండేది. నాన్న స్కూటర్‌కి వెనక బ్రేకు మూణ్నెల్లు ఆగేది కాదు."

భర్త తన చెప్పు వంక చూసుకున్నాడు. "పోనీ, వెనక కూర్చుంటే?"

"వెనకవి అరుగుతాయి."

"కావాలని చేస్తున్నానా? రోజుకి పన్నెండు ఫైళ్లు చూస్తాను. ప్రతి ఫైల్లోనూ ఒక కారు ఫొటో ఉంటుంది."

మెకానిక్ చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు: బండి బాగుంది, నడిపే మనిషి బాగుంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. భర్త అలవాటుగా పక్క తలుపు తెరిచాడు. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ వేసేశాడు.

"వెళ్లు. చేరాక ఫోన్ చెయ్యి."

కారు గేటుదాకా వెళ్లి ఆగింది. ఎదురుగా బస్సు వచ్చింది, పోయింది. రోడ్డు ఖాళీ. ఇంజను మూలుగుతోంది కానీ ఎడమ చక్రం కదలడంలేదు. ఆమె దిగలేదు, పిలవలేదు. అద్దంలోంచి వెనక్కి చూస్తోంది.

మెకానిక్ తల తిప్పాడు. భర్త షెడ్డు గుమ్మంలో నిలబడి, కుడికాలి వేళ్లతో సిమెంటు నేలని తొక్కిపట్టి ఉన్నాడు.

"బావగారూ, పదకొండుకి ఇంకా ఇరవై రెండు నిమిషాలే ఉన్నాయి."

"తెలుసు. రావట్లేదయ్యా అది."

రెండు చేతులా గుమ్మం పట్టుకుని, వేర్లతో పెకలించినట్టు కాలు పైకెత్తాడు. కారు ముందుకు దూకి, రోడ్డెక్కి, మలుపు తిరిగిపోయింది.

ఒంటికాలి మీద ఊగుతూ అడిగాడతను. "ల్యాబ్ ఎంత దూరం?"

"ఆరున్నర కిలోమీటర్లు. పద్దెనిమిది నిమిషాలు పడుతుంది."

"అందాకా దించను."

అతన్ని కూర్చోబెట్టడానికి స్టూలు కోసం మెకానిక్ గబగబా లోపలికి తిరిగాడు.