ఉచ్ఛిష్టపు తూకము

ఫాల్గుణమాసము కడముట్టుచుండగా కదిరి పట్టణమునకు దూరమున నల్లరాతిగుట్టల నడుమ మధ్యాహ్నము దావానలమువలె ప్రజ్వరిల్లుచుండెను. ప్రచండమార్తాండకిరణసంతప్తములైన శిలలనుండి యెగయు నావిరి పాంథులకు జలాశయభ్రాంతిని గొల్పుచుండ, మోడువారిన తుమ్మచెట్లక్రింద మేకలు తలలు వాల్చి నిలిచియుండ, వేరుసెనగకోత ముగిసి బీడువడిన చేలపై సుడిగాలి యెఱ్ఱదుమ్మును స్తంభాకారముగా లేపి తనకే విసుగు గలిగినట్లు మఱల నేలరాల్చుచుండెను.

అట్టి వేళ బాలికల వసతిపాఠశాల వాకిట నొక ప్రభుత్వపు జీపు నిలువగా దానినుండి వకుళాదేవి యను పోషకాహార పరీక్షాధికారిణి మెల్లగా దిగెను. బడులయందును కర్మాగారములయందును గల భోజనశాలలను పరీక్షించుటయందే యౌవనమంతయు వెచ్చించిన యామెకు మోకాళ్లు సడలినవి, జుట్టు నెరసినది. పసిపిల్లలకు రాగిసంగటియు నాకుకూరపప్పును మొలకలును బెట్టి రక్తహీనతను దేశమునుండి తఱిమివేయుదునని యొకనాడు ఉత్సాహతరంగితహృదయయై బయలుదేరిన యా యమ్మ, నేడు ఏ భోజనశాల కేగినను ముందుగా కుర్చీ యెక్కడ నున్నదో చూచుకొనుచుండెను.

ఆహారపథకము ఫలించెనో లేదో నిర్ణయించుటకు పూర్వ మామెయే యొక కొలమానమును గల్పించియుండెను. భోజనానంతరము పళ్లెములయందు మిగిలిన యుచ్ఛిష్టమునంతయు నొక బకెట్టులో గూర్చి తూచవలెను. తూకము తగ్గినకొలదియు పిల్లలు హితాహారమును ప్రీతితో భుజించుచున్నారని యెంచవలెను. సులభమైన యీ పద్ధతి పై యధికారులకు మిక్కిలి నచ్చి రాష్ట్రమంతట వ్యాపించెను. ఈ పాఠశాలయందో కొంతకాలముగా తూచుట కేమియు మిగులుటయే లేదు. కావున దీనిని తక్కిన పాఠశాలలన్నిటికి మేలుబంతిగా బ్రకటింపదలచి తుదిపరీక్షకై వకుళాదేవిని బంపిరి. ఆమె చూచి యౌనన్న జాలును.

పాఠశాలాధ్యక్షురాలైన ఓబుళమ్మ యెదురేగి మజ్జిగ యందిచ్చి, "ఎండన పడి వచ్చినారు, రవ్వంత సేపు కూర్చోండి మేడం. పిల్లోళ్లు ఇప్పుడే అన్నానికి కూర్చుంటారు" అని భోజనశాలకు దోడ్కొనిపోయెను.

అచట బాలికలు బారులు దీరి కూర్చుండియుండిరి. సంగటి మెత్తగా నుండెను. పప్పులో నుప్పు సరిపోయెను. తోటకూర పచ్చదనము చెడకుండ వండబడియుండెను. వకుళాదేవి యన్నియు రుచి చూచి దోషమేమియు గానక, ఈ యొక్కచోటనైనను తన బ్రదుకు వ్యర్థము గాలేదని నిట్టూర్చి కుర్చీలో జేరగిలబడెను. అటు చేరగిలబడి వినుచుండగా నామె కేదియో వెలితి తోచెను. అన్ని నోళ్లును నమలుచుండెను గాని యొక్క నోరును మాటాడకుండెను. పక్కదానిని మోచేత బొడుచు కొంటెతనము లేదు, ఇంకొంచెము పప్పు వేయుమను పిలుపు లేదు. ప్రతిబాలికయు తల వంచుకొని నీటిగ్రుక్కతో ముద్దను గొంతులోనికి ద్రోయుచు, ఓబుళమ్మ తన బారుదరికి వచ్చినప్పుడెల్ల మఱింత వేగముగా మ్రింగుచుండెను.

కడపటి బారులో చౌడేశ్వరి యను నొక కృశాంగి, ఏడవ తరగతి బాలిక, పళ్లెమును తుడిచినట్లు ముగించి యందఱికిని జూపి, యడుగులు తడబడుచు వెనుకతలుపుగుండ వెలికి బోయెను. ఆమె వెంట నిద్దఱు చెలికత్తెలు పరుగిడిరి. ఏమో తోచి వకుళాదేవియు మోకాళ్లు పట్టుకొని లేచి యటు నడచెను.

నీళ్లతొట్టి వెనుక చౌడేశ్వరి వంగి తిన్నదంతయు గ్రక్కుచుండెను. ఒకతె దాని నుదురు పట్టుకొనియుండ రెండవది చెంబుతో నీరు గ్రుమ్మరించి యా కశ్మలమును కాలువలోనికి ద్రోయుచుండెను. ఎవ్వరును తొట్రుపడుట లేదు. నిత్యకృత్యమువలె నంతయు జరిగిపోవుచుండెను.

"ఏమైంది పాపా, కడుపులో నొప్పా?" అని వకుళాదేవి యడిగెను.

"ఏం లేదు మేడం. శానా తినేసినా, అంతే."

"తినలేకుంటే వదిలిపెట్టొచ్చు గదా?"

బాలిక తల యెత్తకయే నోరు తుడుచుకొని, యీమె యెవరో యెఱుగక యిట్లనెను: "వదిలితే తూకం వస్తాది మేడం. తూకం వస్తే మా గదిలో వాళ్లందరికీ ఆటలు బందు. పట్నం నుంచి ఒక పెద్ద మేడం వస్తాదంట. మిగిలిందంతా తూకం ఏస్తాదంట. ఆయమ్మ శానా కోపిష్ఠిదంట."

చెలికత్తె దాని చేయి గిల్లెను. చౌడేశ్వరి కన్నులెత్తి యెదుటనున్న నెరసిన జుట్టును, గోడసందున గనబడు వాకిటి జీపును జూచి గ్రహించి వెనుకకు జంకెను. వకుళాదేవి తడిసిన యా చిన్నిమొగమును కొంగుతో నొత్తి, దానిని తొట్టిగట్టుపై గూర్చుండబెట్టి, మోకాళ్లనొప్పి మఱచి తానును పక్కన నేలపై గూలబడెను. తా నాకుకూరను బ్రేమింప నేర్పితిననుకొన్న చోట వెఱపు నేర్పియుంటినని యామె కప్పుడు స్పష్టమయ్యెను. ఎన్ని పట్టణములు, ఎన్ని పాఠశాలలు! ఎన్నిచోట్ల నీ నీళ్లతొట్టివంటి మఱుగు లున్నవో తలపోయుటకు నామె మనస్సు సాహసింపలేదు.

ఓబుళమ్మను బిలిచి యడుగగా నామె గోడ కానుకొని యిట్లనెను: "నన్నేం చేయమంటారు మేడం? ఈ పథకం పెట్టిన మొదటి ఏడు సగం పళ్లాల్లో తిండి మిగిల్నాది. పిల్లోళ్లకు మెల్లగా అలవాటు చేద్దామనుకుంటి. మీరే వచ్చి తూకం ఏసి, మీటింగులో అందరి ముందర మా బడి అధ్వానమంటిరి. మళ్లీ ఆ మాట పడేదానికి నాకు ఓపిక లేకపాయె. నాకు మాత్రం బాగుంటాదా? ఈ పిల్లోళ్ల మొగాలు చూస్తా నేను గూడా సరిగ్గా తిని ఎన్నాళ్లయిందో."

 ఆ యిద్దఱు స్త్రీలకును ఒకరినొకరు నిందించుకొనుటకు గూడ నోపిక చాలలేదు.

వకుళాదేవి యా సాయంకాలపు భోజనమునకును నిలిచెను. కుర్చీ వలదని చౌడేశ్వరి పక్కన నేల గూర్చుండెను. ఓబుళమ్మ బారుల నడుమ నిలిచి యొకటికి రెండుమాఱులు గొంతు సవరించుకొని, "చాలినకాడికే తినండి పాపా. మిగిలితే మిగలనీండి. ఎవురూ ఏమనరు" అనెను. ఒక్కరును నమ్మలేదు. అప్పుడు వకుళాదేవి సగము సంగటి తిని, తక్కినదానిని పళ్లెమునందే యుంచి, అందఱు చూచుచుండగా తీసికొనిపోయి బకెట్టులో వైచెను.  పిమ్మట నొక బాలిక భయపడుచు లేచెను, దాని వెనుక నింకొకతె. తినగలిగినవారు తినిరి, తినలేనివారు వదలిరి. చౌడేశ్వరి సంగటిని దూరముగా నెట్టి పప్పుమాత్రము వ్రేలితో నాకుచుండెను. వంటవాడు త్రాసు దేగా వకుళాదేవి వలదని చేసైగ చేసెను.

పిదప రాజధానిలో, ఈ తూకమును మాన్పవలెనన్న యామె మాట విని పై యధికారి మొగము చిట్లించి, "ఇన్నేళ్లుగా మీరే సరే అన్న పద్ధతిని ఇప్పుడు మీరే కాదంటే ఎట్లాగమ్మా? పిల్లలు తింటున్నారనే కదా మీరూ చెప్పింది?" అని యడిగెను.

"పిల్లల్ని నేను చూడలేదండి. బకెట్టునే చూశాను" అని యామె బదులుచెప్పెను.

ఆ మాట యచట నెవ్వరికిని పనికిరాలేదు. మేలుబంతి గౌరవము వేఱొక పాఠశాలకు బోయెను, త్రాసులు యథాప్రకారము తూచుచుండెను, వకుళాదేవిని పర్యటనలనుండి తప్పించి యుద్యోగవిరమణముదాక కార్యాలయమున నొక మూల గూర్చుండబెట్టిరి. మఱల తూకము వచ్చినందుకు ఓబుళమ్మకు మందలింపు వచ్చెను. అయినను నామె మఱల బాలికల నిర్బంధింపలేదు. వర్షర్తువు వచ్చుసరికి చౌడేశ్వరి యొకనాడు తనంత తానే యింకొక గరిటెడు తోటకూర యడిగెనని ఓబుళమ్మ ఫోనులో చెప్పగా వకుళాదేవి "అట్లనా" యని మాత్రమనెను. ఆ సంతోషమును వెలిబుచ్చుటకు గూడ నామెకు శక్తి మిగిలియుండలేదు.

మంచి యన్నము వండించుట యధికారమునకు సాధ్యము, దానిని పళ్లెమున వడ్డించుటయు సాధ్యము. ఆకలి మాత్రము ఎవ్వరి యాజ్ఞకును లోబడి రాదు. దానిని మెల్లగా బిలిచి, వచ్చుదాక పిల్లల పక్కన నేలపై గూర్చుండి వేచియుండవలెను. అట్లు వేచియుండినవారి యోర్పును తూచుటకు నేటివఱకు నే కార్యాలయమునందును త్రాసు లేదు.