నిద్ర డాక్టరు గొంతు

అద్దాల కొట్టులో పని పొద్దున్నే మొదలయ్యేది. షట్టరు ఎత్తగానే ఆవిడ ముందు బల్ల తుడిచేది. ఒక్క గాజురవ్వ మిగిలినా దానిమీద పెట్టిన గాజుపలక పగిలి కూర్చుంటుంది. తర్వాత కొలబద్ద ఆనించి, వజ్రపు మొన ఉన్న కలంతో గీత గీసేది. గీత మధ్యలో ఆగకూడదు, గీసినచోట మళ్ళీ గీయకూడదు. పలకను బల్ల అంచుకి జరిపి కాస్త నొక్కితే టప్పున రెండుగా విడిపోయేది. ఆవిడ చేతికి తిరుగులేదని కొట్టులో పేరు.

ఒకరోజు నిలువెత్తు పలక దించుతుంటే అవతలి కొస పట్టుకున్న పనివాడికి పట్టు తప్పింది. పలక అతని ముంజేతి మీదే విరిగింది. ప్రాణం మీదికి రాలేదు గానీ, మర్నాటి నుంచి ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. గీతలు వంకర పోయాయి. యజమాని పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే మంచి గాజు ఆవిడ బల్ల మీదికి రావడం మానేసింది.

ఆవిడ భర్త కూరగాయల మార్కెట్లో వేలం వేస్తాడు. గొంతు విప్పితే నాలుగు వీధుల అవతల పసిపిల్లలు ఉలిక్కిపడేవారు. ఇంట్లోనూ అదే గొంతు, ఉప్పందుకోమన్నా వేలం వేసినట్టే ఉండేది. వాళ్ళ కూతురిని అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఆ పిల్ల పుట్టడమే వాదనతో పుట్టింది. ఇక అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూనే అందరినీ మించి మాట్లాడేది.

"నిద్ర డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మాయ్," అంది అత్తగారే. "బట్టలషాపావిడకి ముద్ద గొంతు దిగేది కాదు. ఆయన కుర్చీలో పడుకోబెట్టి మాట్లాడాడట, అంతే. ఇప్పుడు చూడు, ఎలా పుంజుకుందో!"

హిప్నాసిస్ చేసే ఆ డాక్టరు పుస్తకాల షాపు పైన ఒక గదిలో ఉండేవాడు. మెత్తటి మనిషి. ఆవిణ్ణి పడకకుర్చీలో కూర్చోబెట్టి, "ఒక్క మాట ముందే చెప్తానమ్మా," అన్నాడు. "కళ్ళు మూసుకున్నా పగ్గాలు మీ చేతిలోనే ఉంటాయి. మీకు ఇష్టంలేనిది నేను చేయించలేను. మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు."

ఆవిడ అప్పటికే విసిగిపోయి ఉంది. "నాకొద్దండీ ఆ పగ్గాలు! నావీ, మా ఇంట్లోవాళ్ళవీ అన్నీ మీరే పట్టుకోండి. నా చెయ్యి నిలబడితే నాకదే పదివేలు."

"అలా అనకండమ్మా," అన్నాడాయన కంగారుగా. ఆవిడ కళ్ళు మూసేసుకుంది.

కొన్నాళ్ళకి చెయ్యి నిలబడింది. ఆ సాయంత్రమే డాక్టరుగారి గొంతు ఆవిడ వెంట ఇంటికొచ్చింది. ఆవిడ చెప్పులు విప్పుతుంటే గుమ్మంలో, "లోపలికి రావచ్చా అమ్మా?" అని వినబడింది. ఆ గొంతు ఇలా ఇళ్ళకి రావడం ఊళ్ళో అందరికీ తెలిసిందే. అత్తగారు కిటికీ పక్కన కుర్చీ దులిపి, "రండి రండి. కాఫీ ఇద్దామంటే మీకు నోరు లేదాయె, ఒట్టి గొంతే!" అని నవ్వింది. గొంతు కూడా మర్యాదగా నవ్వింది.

అది ఎవరికీ ఏ కష్టమూ కలిగించలేదు. అత్తగారి మోకాళ్ళ పక్కన చేరి నొప్పి లేదంది, లేకుండా పోయింది. ఎన్నేళ్ళుగానో కునుకు సరిగా పట్టని భర్తకి మంచి నిద్ర ఇచ్చింది. పిచ్చుకని కూర్చుని చదువుకోమంటే కూర్చుంది. ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడసాగింది. కొన్నాళ్ళకి వినడానికి మాటలే లేకుండా పోయాయి. ఏ కూర వండాలో గొంతే చెప్పేది. చుట్టాలకి రావద్దని ఫోన్ చేయించేది. "ఇక విశ్రాంతి," అనగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని కళ్ళు మూసుకునేవారు. ఆవిడా మూసుకునేది. హాయిగానే ఉండేది మరి.

ఒకరోజు ఆవిడ పని నుంచి వచ్చేసరికి వంటింటి నిండా పొగ. పొయ్యి మీద పాలు ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడుతోంది. హాల్లో ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. "ఏమీ పర్వాలేదు, అంతా బాగానే ఉంది," అంటోంది గొంతు కిటికీ దగ్గర్నుంచి. ఆవిడ పరుగెత్తి పొయ్యి కట్టేసింది. అప్పుడు కనబడింది పిచ్చుక అరచెయ్యి. గిన్నె దించబోయినట్టుంది, అరచెయ్యంతా బొబ్బలెక్కి ఉంది.

"ఏంటే ఇది! ఎవరినీ పిలవలేదేం?"

"నొప్పి లేదమ్మా," అంది పిల్ల. "లేదని చెప్పారుగా."

ఆ చెయ్యి తడిగుడ్డలో చుట్టి, ఆవిడ ఉన్నపళంగా పుస్తకాల షాపు మెట్లెక్కింది. గది తలుపు తీసే ఉంది. డాక్టరు పడకకుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు, మెడకి మఫ్లరు చుట్టుకుని. ఆయన పెదవులు కదిలాయి గానీ ఆవిడకి వినబడలేదు. దగ్గరికి వంగితే గాలిలాంటి మాట తగిలింది.

"నా గొంతులో ఏ ఇంటికి వెళ్ళిన ముక్క ఆ ఇంట్లోనే ఉండిపోతోందమ్మా. నేను పిలిస్తే రావడం లేదు. ఇంకో రెండిళ్ళకి వెళ్తే నాకీ మాత్రం కూడా మిగలదు."

"మీ గొంతు మీరే అదుపు చేసుకోలేకపోతే మేమేం కావాలండీ? మిమ్మల్ని నమ్మి వచ్చాను!"

ఆయన తల దించుకున్నాడు. "పగ్గాలు ఇచ్చినవాళ్ళు అడిగితే అది తిరిగి ఇచ్చెయ్యాలి. అంతవరకే నాకు తెలుసు. చెయ్యి మాత్రం... మళ్ళీ మొదటికొస్తుంది."

ఇంటికెళ్ళి ఆవిడ కిటికీ ఎదురుగా నిలబడింది. "నా పగ్గాలు నాకిచ్చెయ్యండి."

"మీరు అలిసిపోయారమ్మా," అంది గొంతు. "కూర్చోండి."

మోకాళ్ళు వంగబోయాయి. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుంది. "కూర్చోను. ఇచ్చెయ్యండి."

"చెయ్యి వణుకుతుంది. పని పోతుంది."

"పోనివ్వండి. పిల్లవీ ఇచ్చెయ్యండి. దాని తరఫున మాటివ్వడానికి నాకేం హక్కుంది?"

 వెంటనే ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా వణికింది. వెనక నుంచి పిచ్చుక గావుకేక పెట్టి, కాలిన చెయ్యి పట్టుకుని గంతులేస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆవిడకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"ఏవండీ, మీ పగ్గాలు మీరూ అడగండి," అంది భర్తని కుదుపుతూ. "అత్తయ్యా, మీరు కూడా!"

అత్తగారు మోకాళ్ళు తడుముకుని మొహం తిప్పుకుంది. భర్త కళ్ళు సగమే తెరిచాడు. "వదిలెయ్యవే. ఇన్నాళ్ళకి నిద్రపోతున్నాను. దాన్ని ఉండనీ, నాతోనే ఉండనీ."

ఆ మాట అన్నాక కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ అయినట్టు ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున ఆవిడ పిల్లకి కట్టు మారుస్తుంటే భర్త లేచి వచ్చాడు. ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. "లేచారా అమ్మా? రాత్రి బాగా నిద్ర పట్టిందా?" అన్నాడు మెత్తగా.

పదమూడేళ్ళ కాపురంలో ఆయన ఆవిణ్ణి మీరు అన్నది లేదు. ఆవిడ పిల్లని వెనక్కి లాక్కుంది. అత్తగారు మాత్రం, "చూశావా, నా కొడుక్కి ఎంత మర్యాద వచ్చిందో!" అని మురిసిపోయింది.

అదే రోజు ఆవిడ రెండు సంచులు సర్దుకుని, పిచ్చుకతో అద్దాల కొట్టు వెనక గదికి మారిపోయింది. యజమాని ఆవిణ్ణి కోత నుంచి తీసేసి, అంచులు సానబట్టే మిషను మీద పెట్టాడు. దానికి చెయ్యి నిలబడక్కర్లేదు, పలకను అదే పట్టుకుంటుంది. మార్కెట్ సంగతులు ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి. వేలంపాటలో ఇప్పుడు అరుపుల్లేవట. ఆయన మెల్లగా ఒక ధర చెప్తే చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపి కొనేసి, ఇంటికెళ్ళాక ఇంత ఎందుకు కొన్నామా అనుకుంటున్నారట. ఇప్పుడు పక్క మార్కెట్లవాళ్ళు కూడా ఆయన్నే పిలుస్తున్నారట.

వానలు మొదలైనప్పుడు ఒక సాయంత్రం ఆయన ఆ గది ముందుకొచ్చాడు. గుమ్మం బయటే, చూరు నీళ్ళ కింద నిలబడ్డాడు. కుడి అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చెంపల మీద వేళ్ళ అచ్చులు పడ్డాయి. నోరు వదలకుండానే, ఎడంచేత్తో లోపలికి రావచ్చా అని సైగ చేశాడు.

పిచ్చుక అమ్మ మొహంలోకి చూసింది.

"మాట్లాడనంటేనే," అంది ఆవిడ.

ఆయన తలూపాడు. ఆవిడ తువ్వాలు అందించి, పక్కకి జరిగి దారిచ్చింది.

తర్వాత ఆయన మార్కెట్టుకి వెళ్ళలేదు. అదే కొట్టులో, పలకకి అవతలి కొస పట్టుకునే పనిలో చేరాడు. పిల్ల పెద్దదై, ఉద్యోగంలో చేరి, తన పెళ్ళికి తనే వాదించి వాళ్ళని ఒప్పించింది. ఆ పెళ్ళిలో నలుగురూ బతిమాలారు, కూతుర్ని ఒక్క మాట దీవించవయ్యా అని. ఆయన కళ్ళనిండా నీళ్ళతో ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. నోరు మాత్రం విప్పలేదు.