లావుగా ఉన్నోళ్లు కుడివైపుకు

కొండయ్యా, నిన్నే అడుగుతున్నాను. కారు ఎడమకు లాగుతోందని నీ డ్రైవరు నరేష్ చెబితే నువ్వేం చేశావు? షెడ్డుకు పంపావా? "లావుగా ఉన్నోళ్లను కుడివైపు కూసోబెట్టు, సరిపోతాది" అన్నావు. పత్తి తీతకు పోయే కూలీ ఆడవాళ్లను తూకం రాళ్లు చేశావు. ఘాట్‌లో ఏం జరిగిందో నువ్వు చూడలేదు. విను.

గిద్దలూరులో బయల్దేరేముందు నరేష్ ముందు టైర్లలో గాలి చూపించాడు. రెండూ సమానం. అంతకుముందే కుడి టైరు ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూశాడు. అయినా ఎడమకే. రోడ్డు వాలేమోనని నడిమధ్య తోలి చూశాడు. అయినా ఎడమకే. ఇక నువ్వు చెప్పిన మందే మిగిలింది.

"అన్నమ్మక్కా, ఇటు జరుగు. నీ బరువు కావాల," అన్నాడు నరేష్.

"నా బరువుతో కారు నడుపుతాండావా? అయితే నాకు రెండు కూలీలు ఇయ్యమను మీ ఓనర్ను!"

అందరూ నవ్వారు. విజయమ్మ నవ్వలేదు. ఆమె కూతురు రూబీకి ఆరో నెల. మనిషి సన్నం కాబట్టి ఎడమ కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఘాట్ దిగేటప్పుడు లోయ ఉండేది ఆ పక్కనే.

ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలైంది. నరేష్ రెండు చేతులతో స్టీరింగును కుడికి పట్టుకుని వేలాడుతున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. మలుపు మలుపుకూ కారు అంచు గోడ వైపుకే పోతోంది. రూబీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

"ఏందిరా ఆ మాడు వాసన?" అంది విజయమ్మ.

"ముందర లారీదిలే పెద్దమ్మా."

ముందర లారీ లేదు.

మలుపులో బ్రేకు నొక్కాడు. పెడలు మెత్తగా కిందికి పోయింది. మళ్లీ నొక్కితే సగమే పట్టింది. గేరు తగ్గించాడు, ఇంజను అరిచింది. గోడ రూబీ చేతికి అందేంత దగ్గరకొచ్చింది. "ప్రభువా!" అని కారంతా ఒకటే కేక. హ్యాండ్‌బ్రేకు లాగి లాగి, రోడ్డు వెడల్పైన చోట ఎలాగో ఆపాడు.

అందరూ దిగారు. నరేష్ నీళ్ల సీసా తీసుకుని కుడి చక్రం మీద నాలుగు చుక్కలు చల్లాడు. నీళ్లు జారిపోయాయి. ఎడమ చక్రం మీద చల్లాడు. చుయ్యిమని ఆవిరి లేచింది.

"టైరూ కాదు, రోడ్డూ కాదు పెద్దమ్మా. ఈ చక్రం బ్రేకు వదలడంల్యా. కాలు తీసినా పట్టుకొనే ఉండాది. అట్ల రాసుకొని రాసుకొని కాగిపోయి, ఉన్న బ్రేకు గూడా పోయింది."

"మరి మమ్మల్ని అటూ ఇటూ జరిపింది ఏంటికిరా?"

"మీరు జరిగినాక మొదట్లో స్టీరింగు తేలికైంది. బాగయిందనుకున్నా."

వాడు తల దించుకున్నాడు. కాస్త పైకి నడిస్తే సిగ్నల్ దొరికింది. నీకు ఫోన్ చేశాడు. నువ్వేమన్నావు కొండయ్యా? "చల్లారనిచ్చి నిదానంగా దిగురా. రైతు ఎదురుచూస్తాండాడు."

వాడి వెంటే వచ్చిన విజయమ్మ ఫోన్ లాక్కుంది.

"కొండయ్యన్నా, నీ బిడ్డే కడుపుతో ఉంటే ఈ కారులో ఎక్కిచ్చి ఘాట్ దింపుతావా? దింపవు గదా! మేమూ ఎక్కం. మెకానిక్కును ఈడికే పంపు. మమ్మల్ని ఊరు చేర్చను వేరే బండి పంపు. ఆ బ్రేకు విప్పి బాగు చేసేదాకా ఈ కారు కదలకూడదు. సాయంత్రం గాదు, రేపు గాదు. ఇప్పుడే పంపు."