పసుపు హౌస్‌లో బూడిద

పొద్దున ప్రార్థన కాగానే వెర్లిన్ మిస్ తన పసుపు హౌస్ పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్లు చూసేది, మేజోళ్లు చూసేది, కాలర్ వెనక్కి మడిచి మురికి చూసేది. మొత్తం ఇరవైమూడు మంది. శుభ్రతకి రోజుకి పది పాయింట్లు, మురికి కనబడితే కోత. వరస చివర ఓల్రికా దగ్గరికొచ్చేసరికి ఆమె పెన్సిల్ దానంతటదే కాగితం మీద వాలేది. ఓల్రికా మీద ఎప్పుడూ బూడిద పడుతూ ఉండేది.

సూఫ్రియేర్ అగ్నికొండ పేలినప్పుడు దీవి ఉత్తరపు ఊళ్లన్నీ ఖాళీ చేయించి జనాన్ని దక్షిణానికి తెచ్చారు. అలా ఈ బడికి వచ్చిన నలభై మంది పిల్లల మీదా బూడిద పడేది. ఎండలో నడిచినా, గదిలో కూర్చున్నా, ఎవరి తల మీద వాళ్లకే, పిండి జల్లించినట్టు సన్నగా. బడి ఊడ్చే సెల్మా దానికోసం ఇంకో చీపురు తెచ్చుకుంది. కొత్తచోటు అలవాటయ్యే కొద్దీ ఒక్కొక్కరికీ ఆగిపోయింది. ఓల్రికాకి మాత్రం ఆగలేదు. ఆ పిల్ల ఇల్లు బూడిద బరువుకి కూలిపోయింది. ఆమె, వాళ్ల అవ్వ ఇస్మే ఇంకా చర్చి హాల్లో మడతమంచాల మీదే పడుకుంటున్నారు.

హౌస్‌లు పెట్టాలన్నది హెడ్మాస్టరు క్వాషీ గారి ఆలోచన. అప్పటికి మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా ఊరి పిల్లలొక బల్ల, ఉత్తరం నుంచి వచ్చి చర్చి హాల్లో దిగిన పిల్లలొక బల్ల. ఉప్పుచేప పళ్లెం అటు నుంచి ఇటు జరిపేవాళ్లు కాదు. అందర్నీ కలిపి చీటీలు తీయించి నాలుగు రంగులుగా విడగొడదామన్నాడాయన.

"రిబ్బన్ ముక్క కడితే చుట్టాలైపోతారా సార్?" అంది వెర్లిన్.

"కట్టి చూద్దాం, పోయేదేముంది?" అన్నాడు.

నమ్మకం లేకపోయినా, పసుపు హౌస్ తన చేతికొచ్చాక వెర్లిన్‌కి పట్టుదల పుట్టింది. హౌస్ పోటీల కప్పు మనకే రావాలని పిల్లలకి నూరిపోసింది. చీటీ తీసిన రోజు ఓల్రికాతో, "నువ్వు పసుపు హౌస్ అమ్మాయివి" అంటే ఆ పిల్ల, "ఆ హౌస్‌కి పైకప్పు ఉందా మిస్?" అని అడిగింది. అందరూ నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వింది. అడిగిన పిల్ల మాత్రం జవాబు కోసం చూస్తూనే ఉండిపోయింది.

పాయింట్లు పోతున్న కొద్దీ పిల్లల నోళ్లు లేచాయి. "బూడిద గుమ్మడికాయ వచ్చిందిరా, జరగండి" అనేవాళ్లు. అందరికంటే ముందు అనేది హౌస్ కెప్టెన్ జోడెల్. పదకొండేళ్ల పిల్ల, ఒడ్డూ పొడుగూ ఉంటుంది, అరిస్తే రేవు దాకా వినిపిస్తుంది. వెర్లిన్ వినీ విననట్టు ఊరుకునేది.

ఈస్టర్ సెలవులయ్యాక ఓల్రికాకి దగ్గు పట్టుకుంది. బల్ల మీద తల వాల్చి దగ్గుతుంటే ముందు కూర్చున్న పిల్లల వీపుల మీదికి బూడిద ఎగిరేది. ఒక సోమవారం మధ్యాహ్నం ఇస్మే అవ్వ వచ్చింది.

"మిస్ తల్లీ, ఈ బూడిద ఇలాగే పడితే ఊపిరితిత్తులు ఆగవంది నర్సు. బెక్వే దీవిలో దీని మేనత్త ఉంది. సముద్రం గాలి, ఇక్కడికంటే నయం. బడి మార్పుకి కాగితం రాసిస్తావా?"

"మీరూ వెళ్తారా?"

"దాని ఇంట్లో ఒక్క మంచానికే చోటు. నేను హాల్లోనే ఉంటాను."

వెర్లిన్ అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టింది. క్వాషీ గారి ముద్ర పడాలి, శుక్రవారం వచ్చి తీసుకెళ్లమంది. ముసలామె వెళ్లాక గానీ తను ఎంత తొందరగా సంతకం పెట్టిందో వెర్లిన్‌కి తెలియలేదు. పోటీలకి పది రోజులుంది. కవాతులో దుస్తులకే ఇరవై పాయింట్లు.

బుధవారం పొద్దున వరసలో మొదట నిలబడ్డ జోడెల్ కాలర్ మడిచిన వెర్లిన్ చేయి అలాగే ఉండిపోయింది. మడతలో బూడిద. దులిపింది. చూస్తుండగానే మళ్లీ సన్నగా రాలింది. జోడెల్ పుట్టింది ఈ ఊళ్లోనే. వాళ్ల ఇల్లు బడి వెనకే, చెక్కు చెదరకుండా ఉంది.

"ఇదెక్కడిదే?"

"అడిగి తీసుకున్నాను మిస్."

"ఎవర్ని?"

"ఓల్రికాని. ఇంకెవరి దగ్గరుంది?"

"ఎందుకు?"

జోడెల్ కాసేపు బూటుతో నేల రాసింది. "దాన్ని బెక్వే పంపించేస్తున్నారట కదా. మీరు సంతకం కూడా పెట్టేశారట. నిన్న చేతులు కడుక్కునే చోట ఏడుస్తుంటే చూశాను. మన హౌస్ పిల్ల మిస్. మనకి చెప్పకుండా పంపించేస్తే ఎలా? సగం నాకివ్వమన్నాను. మీ అమ్మ తిడుతుంది, ఇవ్వనంది. తిడితే తిట్టనీ, చేయి చాపు అన్నాను."

"నువ్వే కదే దాన్ని గుమ్మడికాయ అన్నావు."

"అన్నాను" అంది జోడెల్, తలెత్తకుండా. "అందుకే ముందు నేనడిగాను."

వెర్లిన్ మెట్టు మీద కూర్చుంది. పాతికేళ్ల ఉద్యోగంలో తను నేర్పని పాఠం పిల్లలు రాసి చూపించడం ఆమెకిదే మొదలు. అలవాటు కొద్దీ జోడెల్ పేరు పక్కన ఒక పాయింటు కోసి, కోసినందుకు సిగ్గుపడి, దిద్దడానికి రబ్బరు దొరక్క అలాగే ఉంచేసింది.

గురువారానికి తొమ్మిది మంది కాలర్లలో బూడిద కనబడింది. సాయంత్రం జోడెల్ వాళ్లమ్మ తడి చొక్కా చేత్తో పట్టుకుని బడికొచ్చింది. గొడవకొచ్చిందనుకుని వెర్లిన్ లేచి నిలబడింది. "దీన్ని సబ్బు నీళ్లలో నానబెట్టాలా, ముందే దులపాలా మిస్?" అని అడిగి, సెల్మా చెప్పింది విని వెళ్లిపోయిందామె.

శుక్రవారం పొద్దున ఇరవైమూడు మంది మీదా బూడిద రాలుతోంది. ఒక్కొక్కరి మీద చిటికెడు, చూస్తే తప్ప తెలియనంత. మూడో తరగతి ఎజ్రా తన వంతు పడుతోందో లేదోనని మాటిమాటికీ భుజం తడుముకుంటున్నాడు. శుభ్రతకి పదికి సున్నా. ఓల్రికా వరస చివర నిటారుగా నిలబడి ఉంది. దగ్గలేదు. వెర్లిన్ గోళ్లు చూసేంతసేపూ చెవి అటే పెట్టి ఉంచింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇస్మే అవ్వ గేటు దాకా వచ్చి ఆగింది. వెర్లిన్ ముద్ర వేయించిన కాగితం పట్టుకుని ఎదురెళ్లింది.

"రాత్రంతా పడుకుంది తల్లీ" అంది ముసలామె. "లేచి లేచి చూశాను, ఊపిరాడుతోందా లేదా అని. కొండ పేలాక ఇంత నిద్ర పోలేదది. ఆ కాగితం నాకొద్దు. నీ దగ్గరే ఉంచుకో."

ఆమె వెళ్లిపోయింది. వెర్లిన్ వెనక్కి తిరిగి వరస చివరికి నడిచి, ఓల్రికా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చేయి చాపింది.

"నాక్కూడా కొంచెం ఇవ్వమ్మా."

ఓల్రికా ఆ చేతి వంక చూసింది. తర్వాత జోడెల్ వంక చూసింది. జోడెల్ భుజాలెగరేసింది.

"లేదు మిస్" అంది ఓల్రికా మెల్లగా. "చివరిది నిన్న ఎజ్రా పట్టుకెళ్లాడు. ఇంక నా వంతొక్కటే మిగిలింది. అది మా ఇంటిది, ఇవ్వలేను."

వెర్లిన్ తలూపింది.

"మీరడుగుతారని తెలియదు మిస్" అంది ఆ పిల్ల. "తెలిస్తే ఉంచేదాన్ని."

గంట మోగింది. పిల్లలు ఒకరి వీపు ఒకరు దులుపుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. వెర్లిన్ లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి, తన తెల్ల జాకెట్టు భుజం మీద చేత్తో రాసి చూసుకుంది. వేళ్లకి ఏమీ అంటలేదు.