నూట ముప్పై ఒక్క టేపులు

మొదటి కాగితాన్ని గోడకు ఆన్చి, నాలుగు మడతలు పెట్టి, ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండోదాన్ని మడవలేదు. రెండు అట్టల మధ్య ఉంచి సంచిలోకి దించాడు. జేబులోది నిందితుడి భార్యకు. సంచిలోది జైలుకు. కోర్టు నోటీసులు మోసే ఉద్యోగంలో ముప్పై నాలుగేళ్ళు గడిచినా, మొదటి ఏడాది తర్వాత ఆ వరస ఒక్కనాడూ తప్పలేదు.

"ఏం సుద్దముక్కా," అన్నాడు హెడ్ గుమాస్తా ఫైళ్ళ వెనక నుంచి. "జైలు దారిలోనే ఉంది కదా. ముందు అక్కడ పడేసి పోవచ్చుగా? ఆ మోకాళ్ళతో ఊరు చుట్టి రావడం దేనికి?"

"ముందు ఇల్లాలు, తర్వాతే ఇంటాయన. మీ ఇంట్లోనూ అంతే కదండీ."

టైపిస్టు కిసుక్కున నవ్వింది. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని ఫైల్లో తల దూర్చాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. ఏ చొక్కా చూసినా జేబు అడుగు తెల్లగా ఉంటుంది. అక్క ఎంత ఉతికినా పోదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమకాలి చెప్పు బయటి అంచు అరిగి పలచబడింది. బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మోకాలి అనుమతి తీసుకున్నట్టు తల ఊపి, అప్పుడు కాలు ఎత్తుతాడు.

ఉద్యోగంలో చేరిన ఏడాదే బావ బెయిలు కాగితాన్ని జైలుకు మోసింది ఆయనే. అక్కను కొట్టిన కేసు. సాయంత్రం వెళ్ళి అక్కకు చెబుదాంలే అనుకున్నాడు. బావ అంతకు ముందు బస్సుకే అక్క దగ్గరికి చేరాడు. ఆ రోజు నుంచి అక్క ఎడమ చెవి వినదు. అప్పుడే తమ్ముడింటికి వచ్చేసింది. ఆయన పెళ్ళి ఊసెత్తలేదు. అన్నం తినేటప్పుడు ఎప్పుడూ ఆమె కుడిపక్కనే కూర్చుంటాడు.

నేటి కాగితం ఒక దర్జీ ఆవిడది. భర్త ఆమె మణికట్టు విరిచాడు. పంతొమ్మిది రోజులు జైల్లో ఉన్నాక మేజిస్ట్రేటు షరతులతో బెయిలు ఇచ్చాడు.

ఆమె కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఎడమచెయ్యి పిండికట్టులో ఉంది. కుడిచేత్తో గుడ్డ తోస్తూ, కట్టు అంచుతో దాన్ని అదుముతోంది. ఆయన్ని చూడగానే పాదాలు ఆగిపోయాయి.

"వదిలేశారా బాబాయ్?"

"సాయంత్రం వదులుతారమ్మా. బెయిలంటే కేసు పోయినట్టు కాదు. విచారణ ఉంటుంది. నేరం రుజువైతే శిక్ష ఏళ్ళల్లో పడుతుంది. అందాకా అతను ఈ ఇంటికి రెండు వందల మీటర్ల లోపు రాకూడదు. ఫోను చెయ్యకూడదు. వారం వారం స్టేషన్లో సంతకం పెట్టాలి. ఒక్కటి తప్పినా నువ్వు చెబితే చాలు, బెయిలు రద్దు చేసి మళ్ళీ లోపల వెయ్యగలరు."

ఆమె సంతకం పెట్టింది. పెట్టి, సంచి వైపు చూసింది.

"ఆ జైలు కాగితం రేపు ఇవ్వకూడదా? ఒక్క రోజు. ఎవరడుగుతారు?"

నిజమే. జైలు గేటు దగ్గరి పెట్టెను అయిదింటికి తెరుస్తారు. ఆ లోపు కాగితం పడకపోతే విడుదల మర్నాటికి పోతుంది. ముసలాడు, మోకాళ్ళ నొప్పి అని ఎవరూ అడగరు కూడా.

"తప్పమ్మా. రెండింటి మీదా ఉన్నది ఒకే సంతకం. అతని కాగితాన్ని నేను ఆపితే, నీ కాగితానికి మాత్రం ఏం విలువుంటుంది?" సుద్దముక్క తీశాడు. "పద. ఎంత దూరమో చూపిస్తా."

కొత్తలో ఒక సర్వేయరు ఆయన అంగ కొలిచి ముప్పై అంగుళాలని తేల్చాడు. రెండు వందల అరవై రెండు అంగలు వేస్తే రెండు వందల మీటర్లు. అప్పటి నుంచి ప్రతి గడప నుంచీ నడిచి గీత గీస్తాడు. ఒకసారి ఒకడు ఇనుప కడ్డీతో పరుగెత్తుకొచ్చి ఆ గీత దగ్గర నిలబడిపోయాడు. గోడ లేదు, తలుపు లేదు. పిల్లలు తొక్కుడుబిళ్ళకు గీసుకునేంత సుద్ద. దాని ముందు అంత మనిషీ రొప్పుతూ ఆగిపోయాడు. ఎక్కడో ఫ్యాను కింద ఒకరు పెట్టిన సంతకం ఇంత దూరం నడిచివచ్చి ఒక పిడికిలిని పట్టుకోవడం ఆయనకు ఎన్నేళ్ళయినా పాతబడని వింత.

వీధి మలుపు దగ్గర, కరెంటు స్తంభం కింద, రెండు వందల అరవై రెండు పూర్తయ్యాయి. వంగి గీత గీశాడు.

దర్జీ ముఖం పాలిపోయింది. "టీకొట్టు బల్ల అవతల పడింది బాబాయ్. రోజంతా అతను కూర్చునేది దాని మీదే. అక్కడి నుంచి నా కిటికీలోకి సూటిగా కనిపిస్తుంది."

"లెక్క లెక్కే కదమ్మా."

ఆమె ఆయన కాళ్ళ వైపు చూస్తోంది. కొలత తీసేముందు మనిషిని చూసే చూపు.

"కోపం తెచ్చుకోకండి. మీ పొడుగు మనిషికి ఇంత పొట్టి అంగ ఉండదు. ఏదీ, రెండు అంగలు వెయ్యండి."

మెడలోంచి టేపు తీసి నేల మీద పరిచింది. అరవై అంగుళాల టేపు. రెండంగలకు అది నిండాలి. నలభై ఎనిమిది దగ్గరే ఆయన మడమ ఆగింది.

ఆయన చాలాసేపు ఆ అంకెనే చూశాడు. మోకాలు ఎప్పుడు మొదలైంది? మూడేళ్ళా, నాలుగేళ్ళా? అన్నాళ్ళుగా తను గీసిన గీతలన్నీ ఆడవాళ్ళ వైపు జరుగుతూ వచ్చాయి.

"మళ్ళీ కొలుద్దాం," అన్నాడు.

గడప నుంచి మొదలుపెట్టారు. ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస ఆయన. టేపు పరచడం, గుర్తు పెట్టడం, ముందుకు జరగడం. టీకొట్టాయన గ్లాసు కడుగుతూ కేకేశాడు.

"ఏమ్మా, రోడ్డుకి చొక్కా కుడుతున్నావా?"

"అవునన్నా, నీ బల్లక్కూడా కొలత తీస్తున్నాం."

నూట అయిదో టేపుకు స్తంభం దాటింది. నూట ఇరవై రెండుకు బల్ల దాటింది. నూట ముప్పై ఒకటి దగ్గర ఆయన రెండు చేతులూ నేలకు ఆన్చి, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీశాడు. లేచి చూస్తే అక్కడి నుంచి కిటికీ కనిపించడం లేదు. మలుపు గోడ అడ్డం వచ్చింది. ఆమె తన వీధిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇంత ఉందా బాబాయ్ నాది?"

ఆమె టేపును చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "నా దగ్గర ఇంకోటుంది. మీకు పనుంటుంది." ఆయన బదులుగా సుద్దముక్క ఇచ్చాడు. "వాన పడితే మళ్ళీ గీసుకో."

అయిదుకు పది నిమిషాల ముందు జైలు పెట్టెలో కాగితం పడింది. ఆయన ఇంటి బస్సు ఎక్కలేదు. రిజిస్టరు తీసి చూశాడు. ఇంకా బెయిలు షరతులు నడుస్తున్న ఇళ్ళు మూడు ఉన్నాయి. దగ్గరి వీధికి వెళ్ళి, ఆ ఇంటామె చేత కొస పట్టించి, పిల్లలనడిగి ఒక సుద్ద తీసుకుని, గీతను ఇరవై ఆరు టేపులు అవతలికి జరిపాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అక్క కుడిచెవి దగ్గర వంగి, "ఇంకా రెండు వీధులున్నాయే అక్కా," అన్నాడు.

"రేపు కొలవరా. ముందు కాళ్ళకు వేణ్ణీళ్ళు తెస్తా."

ఆమె గిన్నె పట్టుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నీళ్ళు చల్లారే దాకా ఆమె ఆయన్ని పిలుస్తూనే ఉంది.

నాలుగో రోజు ఆమె రిజిస్టరు, టేపు తెచ్చి హెడ్ గుమాస్తా బల్ల మీద పెట్టింది. "రెండు వీధులు మిగిలాయన్నాడు. ఎవరు కొలుస్తారు?" ఆమె తల తిప్పి జవాబు కోసం కుడిచెవి పెట్టింది. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని లేచాడు.

టేపు ఎవరిదో కనుక్కుని, గుమాస్తా మొదట దర్జీ ఇంటికే వెళ్ళాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఆమె మిషను మీద తల ఆనించింది.

"మర్నాడే వచ్చాడండి నా మొగుడు," అంది తర్వాత. "టీకొట్టన్న చెప్పాడు. గీత అవతల నిలబడి టీ అడిగాడట. 'గీత నేను దాటగలను, నువ్వు దాటలేవు, ఉండు' అని ఆ టీకొట్టన్నే గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చాడట. నిలబడే తాగి, ఖాళీ గ్లాసు గీత మీద పెట్టి వెళ్ళిపోయాడు."

గుమాస్తా టేపు చాచాడు. ఆమె తీసుకోలేదు.

"ఆ రెండు వీధులూ అయ్యాక ఇవ్వండి. సుద్ద ఉందా మీ దగ్గర?"

లేదన్నట్టు తల ఊపాడు. ఆమె సుద్దముక్కను మిషను అంచుకు ఆన్చి, ఒంటిచేత్తో రెండుగా విరిచి, సగం ఆయనకిచ్చింది. మిగిలిన సగం కత్తెర పక్కన ఉండిపోయింది, వేళ్ళు పట్టి పట్టి ఒకవైపు నున్నగా అరిగి.