ఆండాళమ్మకు ఇరవై, సౌభాగ్యానికి తొంభై

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఆండాళమ్మకు ఆ నవ్వు కిరుమాంబాక్కం కాపురానికి వచ్చిన నాటి నుంచీ తప్పలేదు. పెద్దకోడలు సౌభాగ్యానికి అన్నీ ఎక్కువే. ఒంటి రంగు ఎక్కువ, రోడ్డు పక్క పొలం ఎక్కువ, మొగుడి మంచితనం ఎక్కువ. ఇప్పుడు చూడండి, రక్తంలో కూడా ఎక్కువేనట!

నరాల పరిశోధన కోసమని కదిర్కామం మెడికల్ కాలేజీ వాళ్ళు ఊళ్ళో పెద్దవయసు వాళ్ళ రక్తం తీసుకెళ్ళారు. న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్ అందులో ఎంతుందో కొలుస్తారట. ముందుగా ఫోను సౌభాగ్యానికే వచ్చింది.

"తొంభై అంట నాకు," అంది సౌభాగ్యం, వాకిట్లో కాళ్ళు చాపుకుని. "పెద్ద డాక్టరు చూడాలంట. కావాలంటే ఆయన్నే రమ్మను, నేను యాడికీ పోను. నీకెంతంట?"

"నాకింకా ఫోను రాలా," అంది ఆండాళమ్మ. మర్నాడే ఎవరికీ చెప్పకుండా కాలేజీకి బస్సెక్కింది.

రక్తం కొలిచే పిల్ల నందిత, యానాం నుంచి వచ్చి అక్కడ చదువుకుంటోంది. "మీకు ఇరవై అమ్మా," అంది.

"ఇరవయ్యేనా? మళ్ళీ కొలువు. మా అక్క తినే కూడే గదా నేనూ తినేది."

నందిత నవ్వింది. "ఇవి పరీక్ష మార్కులు కావమ్మా, తక్కువుంటేనే మంచిది. నరం లోపల దాన్ని నిలబెట్టే సన్నటి పోగులుంటాయి. నరం దెబ్బతింటే అవి తెగి రక్తంలోకి వస్తాయి. మేం కొలిచేది ఆ ముక్కల్నే."

"మరి తొంభై ఉంటే?"

"ఆ అంకె ఒక్కటే చూసి ఏ జబ్బో చెప్పలేం. కానీ డాక్టరుకు తప్పక చూపించుకోవాలి. ఆలస్యం చెయ్యకూడదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆండాళమ్మ గెలవడం అదే మొదటిసారి. అయినా నవ్వబుద్ధి కాలేదు. మొన్న రెడ్డియార్‌పాళయంలో బస్సెక్కుతూ సౌభాగ్యం కాలు తడబడితే, బాగా అయిందిలే అనుకుంది తను. పాపిష్టిదాన్ని అని దారిపొడుగునా తనని తానే తిట్టుకుంది. సౌభాగ్యం మొండిది. బతిమాలితే బిగుసుకుంటుంది, భయపెడితే తలుపేసుకుంటుంది. ఆ మనిషిని కదిలించేదేమిటో ఆండాళమ్మకు కాక ఇంకెవరికి తెలుసు?

వాకిట్లో అడుగు పెడుతూనే అంది. "నాకు నూటిరవై అంటక్కా. రేపు పెద్ద డాక్టరు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చూస్తాడంట. కారు కూడా మాట్లాడినా."

సౌభాగ్యం మొహం మాడిపోయింది.

"నువ్వొక్కదానివే పోతావా ఏంది?" అంది. "ఆ డాక్టరు ముందు రమ్మన్నది నన్ను గదా. రేపు కార్లో ముందు సీటు నాది."

"నీదేలే అక్కా," అంది ఆండాళమ్మ, మొహం పక్కకు తిప్పుకుని.