మర్డో చేతి వణుకు

ఆర్డ్‌వెన్నీలో పొద్దున్నే టీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, బంతుల బకెట్ మోసుకుంటూ ఇన్నెస్ సముద్రం పక్క మైదానానికి పోతాడు. ముప్పై ఏళ్లుగా గోల్ఫ్ నేర్పడమే అతని పని. పాఠంలో మాటలు తక్కువ. వచ్చినవాళ్ల చేత నాలుగు బంతులు కొట్టించి, ఆ స్కాట్లాండు గాలికి కళ్లు చికిలించి చూస్తాడు. తర్వాత దగ్గరికెళ్లి వాళ్ల మణికట్టు పట్టుకుంటాడు. అంతే, వాళ్ల తప్పు ఇతనిలోకి వచ్చేస్తుంది. వాళ్ల బంతి తిన్నగా పోతుంది, వంకర వచ్చి ఇన్నెస్ భుజంలో కూర్చుంటుంది. చేపల కొట్టావిడ తొందర, చర్చి పాస్టరు గారి బెదురు, అన్నీ కలిసి శనివారానికి అతనికి మెట్లెక్కడమే గగనమైపోతుంది.

ఆదివారం ఆ ఊళ్లో ఎవరూ ఆడరు. మైదానం కుక్కల్ని తిప్పుకునేవాళ్లది. ఇన్నెస్ కూడా ఒక చుట్టు నడిచొస్తే, మోసినవన్నీ గడ్డిలో రాలిపోతాయి. అలసట మాత్రం రాలదు.

ఆ ఏడు ఏ గాలి వీచిందో, ఊరి పోటీలో ఫైనల్‌కి చేరాడు. జీవితంలో మొదటిసారి. ఆట సోమవారం. ఎదుటివాడు మంగలి మర్డో, చిన్ననాటి స్నేహితుడు. ఏనాడూ పాఠం కోసం రాని ఆ మొండివాడు శనివారం చివర్లో వచ్చి నిలబడ్డాడు.

"ఏంరా, దారి తప్పావా?" అన్నాడు ఇన్నెస్.

"నవ్వకురా. గుంటలోకి బంతి నెట్టేటప్పుడు చెయ్యి వణుకుతోంది. ఇప్పుడు కొట్లోకి కూడా వచ్చింది. నిన్న ఒకాయన చెవి కోసేశాను."

"పట్టు బిగిసిపోయి ఉంటుంది."

ఆ ఊళ్లో ఒంట్లో ఏం తేడా చేసినా పట్టు మీదికే నెడతారు. పన్ను సలిపినా కర్ర సరిగ్గా పట్టుకోలేదంటారు.

"మరి ఎల్లుండి నీతోనే ఆడాలి కదా?" అన్నాడు మర్డో.

"వణికేవాణ్ణి ఓడిస్తే ఏం మజా? ఇలా తే," అని ఇన్నెస్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం టీ కలుపుతుంటే ఇన్నెస్ చేతిలో చెంచా కప్పుకి టకటకా కొట్టుకుంది. అతని భార్య ఎఫీ పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది.

"గడ్డిలో రాలలేదా?"

"రెండు చుట్లు తిరిగానే."

"అది ఆట తప్పు కాదయ్యా, జబ్బు. మా నాన్నకి ఇలాగే మొదలైంది. చివరికి అన్నం కూడా నేనే తినిపించాను." ఆమె అతని చేతిలోంచి చెంచా లాక్కుంది. "రేపు ఆటయ్యాక చెయ్యి కలుపుతారు కదా, వాడి చెయ్యి తగిలితే వాడిది వాడికే పోతుంది. ఇచ్చెయ్. జాలిపడి ఉంచుకున్నావో, ఊరుకోను."

"వాడికి పాపం ఏమీ తెలీదే."

"నువ్వు మాత్రం తెలిసి తెచ్చుకున్నావా?"

ఇచ్చెయ్యాలనే అనుకున్నాడు ఇన్నెస్. అతనేం మహాత్ముడు కాదు, బాగా అలిసిపోయిన మనిషి.

సోమవారం అతను బంతిని నిలబెట్టబోతే అది పదేపదే దొర్లిపోయింది. ఆట సగం దాటగానే గెలుపు మర్డోదేనని తేలిపోయింది. మర్డో అంత దూరం నుంచి ఆఖరి బంతిని మెల్లగా గుంటలోకి నెట్టి, చిన్నపిల్లాడిలా గెంతాడు.

"చూశావట్రా నా చెయ్యి!" అంటూ పది వేళ్లూ విప్పి జనానికి చూపించాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇంక కొట్టు మూసెయ్యాలేమో అనుకున్నానురా. నీకు చెప్పలేదు గానీ, ఎంత భయపడ్డానో!"

టోపీ తీసి చెయ్యి చాచాడు. గెలిచినా ఓడినా ఆట చివర చెయ్యి కలపాలి. కలపకపోవడమంటే అక్కడ మొహాన ఉమ్మేసినట్టే.

ఇన్నెస్ కూడా టోపీ తీశాడు. ఆ చేతిని చూస్తూ, తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"చలేస్తోందిరా," అన్నాడు.

మర్డో మొహం పాలిపోయింది.

"ఓడిపోతే ఇంత కుళ్లా నీకు?"

"కుళ్లే అనుకో."

మళ్లీ మర్డో కొట్టు గడప తొక్కలేదు ఇన్నెస్. "వాడి పేరు నా దగ్గర ఎత్తకండి," అంటూ మర్డో తొణక్కుండా బెణక్కుండా గడ్డాలు గీస్తున్నాడు. ఊరంతా ఇన్నెస్‌నే తప్పుపట్టింది. అతనికి అది చాలా కష్టంగా ఉండేది.

జుట్టు చెవుల మీద పడ్డాక, ఎఫీ అతన్ని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి కత్తెర తీసింది.

"కదలకు."

"నేను కాదే, చెయ్యి."

ఆమె ఆ చేతిని తన చంకలో గట్టిగా ఇరికించుకుని, వంకరటింకరగా కత్తిరించడం మొదలుపెట్టింది.